టెన్నిస్ కోర్టులో మిరపకాయలు

నా జీవితంలో మనిషిని రక్తం వచ్చేలా కొట్టింది ఒక్కసారే. అదీ టెన్నిస్ బ్యాటుతో. బ్యాటు నాది కాదు, దెబ్బ తిన్న ఆయనదే. ముక్కు ఎముక విరిగిందని డాక్టరు రాసిచ్చాడు. బళ్ళో పిల్లల మీద బెత్తం కూడా ఎత్తని దానివి, అలా ఎలా కొట్టావమ్మా అని మా హెడ్మాస్టారు అడిగారు. ఎలా కొట్టానో అడిగితే చెప్పడం తేలికే. రెండు చేతులతో పట్టుకుని, బ్యాటు అంచుతో కొట్టాను. ఎందుకు కొట్టానో చెప్పాలంటే మాత్రం నేనుండే ఇంటి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

గుంటూరు ఊరి చివర, మొన్నమొన్నటిదాకా పత్తి పండిన నల్లరేగడిలో టవర్లు లేచాయి. అంత పెద్ద కట్టడాలకు అనుమతి కావాలంటే అందులో కొన్ని ఇళ్ళు చిన్న సంపాదనవాళ్ళకు తక్కువ ధరకు ఇవ్వాలని రూలు. ఆ రూలే లేకపోతే బిల్డరు మమ్మల్ని ఆ గేటు ముందు నిలబడనిచ్చేవాడు కూడా కాదు. నేను ఒక ప్రైవేటు బళ్ళో తెలుగు చెబుతాను. మా ఆయన పిడుగురాళ్ల నుంచి సున్నం లోడు వేసుకుని ఊళ్ళు తిరిగే లారీ డ్రైవరు. అద్దె ఇళ్ళు మారీ మారీ మా సామాన్లన్నీ సొట్టలు పోయాయి. ఇళ్ళ లాటరీ డ్రాలో మా పేరు వచ్చిన రోజు నేను స్టేజీ కిందే కూర్చుని ఏడ్చేశాను.

ఆ రోజు మున్సిపాలిటీ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు మైకు పట్టుకుని ఇంకో మాట కూడా అన్నారు. "ఇల్లొక్కటే కాదమ్మా, రోడ్డూ, తోటా, ఆటస్థలమూ అన్నీ మీవే. టవర్లలో వాళ్ళకి ఎంత హక్కుందో మీకూ అంతే ఉంది," అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. మైకులో చెప్పిన మాటను నమ్మే మనుషులం మేము.

తీరా చూస్తే మా బ్లాకు వెనకాల, మురుగుకాలవ పక్కన కట్టారు. లిఫ్టు లేదు, బయట గోడలకి రంగు లేదు. టవర్లవాళ్ళు దానికి కోటా బ్లాకు అని పేరు పెట్టారు. మేము కూడా కొన్నాళ్ళకి అదే అనడం మొదలుపెట్టాం. మాకూ టవర్లకూ మధ్య ఒక దారి ఉంది, ఆ దారికి అడ్డంగా ఇనుప గొలుసు వేశారు. బిల్డరు వేశాడా, టవర్లవాళ్ళ సంఘం వేసిందా అని అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. గొలుసు మాత్రం అక్కడే ఉంది.

గొలుసు దగ్గర కాపలా ఉండే మనిషి మా బ్లాకులోనే కింది వాటాలో ఉండేవాడు. కనిగిరి వైపు నుంచి, వానల్లేక బావులెండిపోయి వచ్చేసిన కుటుంబం. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. వాళ్ళావిడ నన్ను నోరారా వదినా అని పిలిచేది. డ్యూటీ దిగాక మా ఇంట్లో టీ తాగేవాడు. డ్యూటీ ఎక్కితే మాత్రం నన్ను చూసి కూడా తల అటు తిప్పుకునేవాడు. అతని ఉద్యోగం అది, నేనేమీ అనుకోలేదు.

మేము దిగిన కొత్తలో అతని కూతురు, ఇంకా బళ్ళో వెయ్యని పిల్ల, గొలుసు కింద నుంచి దూరి వెళ్ళి టవర్ల తోటలో ఉయ్యాల ఎక్కింది. ఎవరో ఒకాయన వచ్చి ఊగుతున్న పిల్లని చెయ్యి పట్టి లాగాడు. పిల్ల గడ్డం ఇనుప కమ్మీకి కొట్టుకుని చీలింది. తల్లి పరుగెత్తుకెళ్ళి, ఇంత రాయి తీసుకుని ఆయన కారు అద్దం పగలగొట్టింది. అద్దం కింద రాలుతుంటే అందరూ గొలుసు దగ్గర నిలబడ్డ తండ్రి వైపు చూశారు. అతను వచ్చి, నెత్తురు కారుతున్న పిల్లని ఎత్తుకోలేదు. పెళ్ళాం చెంప మీద కొట్టాడు. టవర్లవాళ్ళు చూస్తుండగా, మేము చూస్తుండగా, మళ్ళీ మళ్ళీ కొట్టాడు. ఆ దెబ్బలతోనే ఉద్యోగం నిలబెట్టుకున్నాడు. ఆ సాయంత్రం వాళ్ళావిడ నా దగ్గర కూర్చుని, "ఆయన చెయ్యి కాదు వదినా అది, ఆళ్ళ చెయ్యే," అంది. నాకు మాత్రం అది అతని చెయ్యిలాగే కనిపించింది.

ఇక మా అన్న సంగతి. అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే అన్నే. ప్రత్తిపాడు వైపు కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. సొంతానికి సెంటు భూమి లేదు. మా నాన్న జీవితమంతా ఒకళ్ళ పొలంలో కూలికి పోయిన మనిషి. అన్న మాత్రం పట్టుబట్టి కౌలు రైతయ్యాడు. తలపాగా చుట్టుకుని ఆసామితో సమానంగా గట్టు మీద నిలబడి మాట్లాడేవాడు. ఆ ఏడు కాయ చేతికి రాకపోతే కౌలు కట్టలేడు, కౌలు కట్టకపోతే ఆసామి ఆ పొలం ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అప్పుడు మా అన్న మళ్ళీ కూలివాడవుతాడు. చావంటే లేని భయం అన్నకి దీనంటే ఉండేది.

ఎండాకాలం మొదట్లో కల్లాల నిండా కాయ ఉన్నప్పుడు గాలివాన కొట్టింది. ఆదివారం, మా ఆయన లోడు మీద వెళ్ళి ఉండగా, నేనింకా చర్చికి బయల్దేరక ముందే ఫోను వచ్చింది.

"అమ్మాయ్, కల్లం మునిగింది. కప్పిన పట్టాలు ఎగిరిపోయినయ్. కాయంతా తడిసిపోయింది," అన్నాడు అన్న.

"మొత్తమా అన్నయ్యా?"

"మొత్తం. ఇయ్యాల ఎండ తగలకపోతే బూజు పట్టుద్ది. ఇక్కడ అడుగేస్తే మోకాటి దాకా దిగబడతన్నాం. ఎక్కడ పొయ్యను? ఊరంతా ఇట్టాగే ఉంది."

కిటికీలోంచి చూశాను. ఊరి మీద మబ్బు విడిపోయి మంచి ఎండ వస్తోంది. టవర్ల మధ్య టెన్నిస్ కోర్టు కడిగినట్టు మెరుస్తోంది. చదునైన సిమెంటు నేల, చుట్టూ కంచె, పశువు రాదు, కుక్క రాదు. కల్లానికి అంతకన్నా మంచి చోటు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ట్రాక్టరులో వేసుకుని ఇక్కడికి తెచ్చెయ్. ఇక్కడ పెద్ద సిమెంటు నేల ఉంది," అన్నాను.

"ఎవరిదమ్మా అది?"

"మాదే," అన్నాను.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. కల్లంలో కాయ ఉండగా వాన పడితే మా ఊళ్ళో ఎవరూ ఎవర్నీ అడగరు. ఎక్కడ పొడి నేల కనిపిస్తే అక్కడ పోసేస్తారు. బడి వరండా, పెళ్ళిళ్ళ షెడ్డు, పంచాయతీ ఆఫీసు, తారు రోడ్డు, ఏదైనా సరే. మా చర్చిలో బెంచీలు గోడకి నెట్టేసి కాయ పోసేవాళ్ళం. పాస్టరుగారు తుమ్ముతూనే వాక్యం చెప్పేవారు, మేము దగ్గుతూనే పాటలు పాడేవాళ్ళం. మామూలు రోజుల్లో మమ్మల్ని అరుగెక్కనివ్వని ఆసాములు కూడా ఆ పూట వసారా ఖాళీ చేసి, "పొయ్యండ్రా, తొందరగా పొయ్యండి," అని కేకలేసేవాళ్ళు. ఎండాక ఎత్తుకెళ్ళి, నేల కడిగేసి, గుప్పెడు కాయలు వాళ్ళింట్లో ఇచ్చి వచ్చేవాళ్ళం. అది సాయం అని కూడా ఎవరూ అనుకునేవారు కాదు.

అందుకని ఆ రోజు నేను ఎవర్నీ అడగలేదు. అడగాలన్న ఆలోచన నాకు రానే లేదు.

ట్రాక్టరు వచ్చి గొలుసు దగ్గర ఆగింది. తడిసిన గోనె టిక్కీల నుంచి ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి. కాపలా తమ్ముడు కుర్చీలోంచి లేచాడు.

"ఏందక్కా ఇది?"

"మా అన్న కాయలు తమ్ముడూ. వానకి తడిసినయ్."

అతను ఒక టిక్కీలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. బయటికి తీసి వాసన చూశాడు. "లోపల ఉడుకెక్కతంది. ఈ పూట దాటితే పోయినట్టే," అన్నాడు. ఒకసారి టవర్ల వైపు చూశాడు. తర్వాత వంగి గొలుసు కొక్కెం తీసేశాడు. "తొందరగా పోసెయ్యండి. నేను చూళ్ళేదు."

వాళ్ళావిడే అందరికన్నా ముందు గంప తీసుకుని వచ్చింది. మా బ్లాకులో ఆడవాళ్ళలో సగం మంది కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసే పనికి పోయేవాళ్ళే. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. నెట్టు విప్పి మడత పెట్టారు. కాయ పల్చగా పరిచి, కాళ్ళతో, చెక్కలతో చాళ్ళు తీస్తూ తిరగేశారు. అన్న అయితే కోర్టులో అటూ ఇటూ పరుగే. ఒక చోట నిలబడి కాయ చేత్తో గలగలలాడిస్తాడు, ఇంకో చోటుకి పోతాడు. మధ్యాహ్నానికి పై తడి ఆరింది. ఎండ మా పక్షాన ఉంది.

"రంగు దెబ్బతినలేదమ్మాయ్. రేపొక్క ఎండ తగిలితే గట్టెక్కినట్టే," అన్నాడు అన్న. ఆ మాట అంటూ నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

టవర్లవాళ్ళు బాల్కనీల్లోకి వచ్చి చూడటం మొదలుపెట్టారు. ఒకావిడ, మా పిల్లాడికి ఆయాసం, ఈ ఘాటేంటి అని పైనుంచి అరిచింది. ఆవిడ బాధ అబద్ధం అని నేననను. ఇంకో ముసలావిడ మాత్రం లిఫ్టు దిగి నెమ్మదిగా వచ్చి కంచె పక్కన కూర్చుంది. చేతికందిన కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన పెట్టసాగింది. ఎవరూ పిలవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. కొడుకు వచ్చి, "అమ్మా, ఏంటిది? పైకి పద," అని రెక్క పట్టి లేపాడు. ఒళ్ళో ఉన్న కాయలు కింద పోసి ఆవిడ వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆటకి టవర్లవాళ్ళ సంఘం సెక్రటరీ వచ్చాడు. తెల్ల నిక్కరు, తెల్ల బూట్లు, చేతిలో బ్యాటు. ఆయన వ్యాపారం ఏమిటనుకున్నారు? మిర్చి వ్యాపారమే. యార్డులో రైతు తెచ్చిన కాయని రెండు వేళ్ళతో విరిచి, తేమ ఉందని ధర తగ్గించే మనిషి. ఆ టవర్లలో చాలా ఇళ్ళు మిరపకాయల మీద లేచినవే. నాకు మంట అక్కడే. ఆయన తెలియక చేసి ఉంటే నేను బ్యాటు ముట్టుకునేదాన్ని కాదు.

"ఎవర్రా ఇవి పోసింది?" అన్నాడు.

అన్న తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేనేనండి. వానకి తడిసినయ్యండి. రేపు పొద్దుగూకేలోపు ఎత్తేస్తానండి. నేలంతా కడిగిచ్చేస్తాను."

"లోపలికి ఎవడు రానిచ్చాడు నిన్ను?"

"నేను పిలిచాను," అన్నాను నేను ముందుకొచ్చి. "ఈ స్థలం మీద మాకూ హక్కుంది. డ్రా రోజు మైకులో చెప్పారు."

"మైకులో చెప్పారా? అయితే పోయి ఆ మైకు మీద ఆరబోసుకోండి." వెనకున్నవాళ్ళు గొల్లున నవ్వారు.

ఆయన వంగి ఒక కాయ తీసుకున్నాడు. అలవాటు కొద్దీ విరిచాడు. "ఇవి ఎట్టాగూ పోయినియ్యే. ఎవడు కొంటాడు?" అని పారేసి, కాపలా తమ్ముణ్ణి పిలిచాడు. టవరు గోడకున్న అద్దాల పెట్టెలోంచి, మంటలార్పే గొట్టం తీసుకురమ్మన్నాడు.

ఎందుకో మొదట మాకు అర్థం కాలేదు. తమ్ముడికి అర్థమైంది.

"సార్, నీళ్ళు పడితే మొత్తం పోద్ది సార్. ఒక్క రోజే గదా సార్," అన్నాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, కదల్లేదు.

సెక్రటరీయే వెళ్ళాడు. ఇంకో ఇద్దరు కలిసి గొట్టం లాక్కొచ్చారు. ఆయన బ్యాటు కంచెకి ఆనించి పెట్టి, గొట్టం రెండు చేతులా పట్టుకున్నాడు. వెనక ఎవరో నీళ్ళు వదిలారు.

ఆ నీళ్ళ వేగం అలాంటిలాంటిది కాదు. పొద్దుట్నుంచీ పరిచి, తిరగేసి, ఆరబెట్టిన కాయ ఒక్క ఊపున లేచి కంచెకి కొట్టుకుంది. కాయ చిట్లి గింజలు మా మొహాల మీద పడ్డాయి. ఆడవాళ్ళు కెవ్వుమని అరిచారు. అన్న అరవలేదు. కాయల మీద అడ్డంగా పడుకున్నాడు. నీళ్ళు ఒంటి మీద పడుతుంటే పాకుతూ వెళ్ళి గొట్టం మూతి పట్టుకుని, కడుపుకి ఆనించుకుని ముడుచుకుపోయాడు. నీళ్ళ దెబ్బకి ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతున్నా వదల్లేదు.

"లాగెయ్‌రా వాణ్ణి!" అని సెక్రటరీ తమ్ముడి మీద అరిచాడు. "నిలబడి చూస్తావేంటి? గొలుసు తీసింది నువ్వేగా? ఇయ్యాలతో నీ ఉద్యోగం పోద్ది, రేపు నీ ఇల్లు పోద్ది. కొట్టు!"

తమ్ముడి మొహం నేను చూశాను. ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే లాఠీ ఎత్తి కొట్టాడు.

దెబ్బ అన్న ఎడమ చెవి మీద పడింది. ఎండిన కట్టె విరిచిన చప్పుడైంది. అన్న చేతులు గొట్టం మీద నుంచి జారిపోయాయి. ఒక్క దెబ్బతో ఆగి ఉంటే అది వేరే సంగతి. ఏ పిచ్చి పట్టిందో గానీ, తమ్ముడు భుజాల మీదా వీపు మీదా కొడుతూనే ఉన్నాడు. కొడుతూ, "లెగవయ్యా, లెగిసి పోవయ్యా," అని బతిమాలుతున్నాడు.

నేను కంచెకి ఆనించిన బ్యాటు తీసుకున్నాను. తమ్ముణ్ణి దాటుకుని వెళ్ళాను. సెక్రటరీ నా వైపు తిరిగేలోపు మొహం మధ్యలో కొట్టాను. ముక్కు పగిలి తెల్ల చొక్కా మీద నెత్తురు పడింది. చాలా హాయిగా అనిపించింది. ఇంకోసారి కొట్టాను, అది భుజానికి తగిలింది. మూడోసారికి ఎవరో నా జుట్టు పట్టి వెనక్కి లాగి నేల మీద పడేశారు.

ఆ తర్వాత జరిగింది కొట్లాట అనడానికి లేదు. గొట్టం చేతులు తప్పి పాములా గింజుకుంటూ అందరి మీదా మిరపనీళ్ళు చల్లింది. టవర్లవాళ్ళకీ మాకూ ఒకేసారి కళ్ళు పోయాయి. కళ్ళు తెరవలేని మనుషులు, చేతికి దొరికినవాళ్ళని దొరికినట్టు కొట్టారు. గంపలు, బూట్లు, చెక్కలు, పళ్ళు, గోళ్ళు, ఏది ఉంటే దాంతోనే. మా పక్కింటావిడ ఎవరి చెయ్యో కొరికి పట్టుకుంది. విడిపిస్తే అది మా బ్లాకు మనిషి చెయ్యే. అందరూ ఎర్రనీళ్ళలో జారి పడుతున్నారు. ఏది నెత్తురో ఏది మిరపరసమో తెలియడం లేదు. ఆ గోలలో నాకు స్పష్టంగా వినిపించిన గొంతు ఒకటే. తమ్ముడి పెళ్ళాం కాయలు తిరగేసే చెక్కతో మొగుణ్ణి బాదుతోంది. "ఇది ఆళ్ళ చెయ్యి కాదు, ఇది నీ చెయ్యే," అంటూ బాదుతోంది. అతను కాచుకోవడానికి చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు.

పోలీసులు వచ్చేటప్పటికి అన్న కాయల మధ్య కూర్చుని ఉన్నాడు. తల నుంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది. చేతికందిన కాయలు ఒక్కొక్కటే తీసి తడి దులిపి ఒళ్ళో వేసుకుంటున్నాడు.

పెద్దాసుపత్రిలో కుట్లు వేశారు. గాయంలోకి మిరపనీళ్ళు పోయాయి. కుట్లు వేస్తుంటే అన్న నా మణికట్టు పట్టుకుని నలిపేశాడు, ఆ నీలి మచ్చ చాలా రోజులు ఉంది. ఎడమ చెవి ఇక వినపడదన్నారు. నేను ఆ చెవి దగ్గర నోరు పెట్టి పిలిచి చూశాను. అన్న పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. నాకు ఆ క్షణాన మనుషులందర్నీ చంపాలనిపించింది. ఈ మాట దేవుడి సన్నిధిలో కూడా చెప్పాను.

స్టేషన్‌లో మాత్రం పెద్ద కేసు నాది. ముక్కు విరగ్గొట్టినందుకు, ఆయుధంతో దాడి చేసినందుకు. టెన్నిస్ బ్యాటు ఆయుధమని నాకప్పుడే తెలిసింది. కేసు నడిస్తే బడి ఉద్యోగం ఉండదని హెడ్మాస్టారు కబురు చేశారు. సి.ఐ. గారు రెండు వైపులవాళ్ళనీ కూర్చోబెట్టి రాజీ మాట చెప్పారు. వాళ్ళు నా మీద కేసు ఎత్తేస్తారు, మేము అన్న దెబ్బల సంగతి ఎత్తకూడదు. ఇక ముందు గొడవలు రాకుండా గొలుసు ఉన్న చోట గోడ కడతారు. మేము దానికి అడ్డం చెప్పకూడదు, కాలవ వైపు నుంచి మా దారి మేము చూసుకోవాలి.

"చచ్చినా ఒప్పుకోను. జైల్లో పెట్టుకోండి," అన్నాను.

తలకి కట్టుతో మూల బెంచీ మీద కూర్చున్న అన్న లేచాడు. "అది ఆవేశంలో అంటంది సార్. మేం ఒప్పుకుంటున్నాం," అన్నాడు. నేను అరవబోతే నా వైపు తిరిగి, "కాయలెట్టాగూ పోయినయ్. నువ్వు కూడా పోతే నాకింకెవరున్నారే?" అన్నాడు. సి.ఐ. గారు జరిపిన కాగితం మీద సంతకం పెట్టాను.

అయినా ఊరుకోలేక మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడే, కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "ఇళ్ళు ఇవ్వాలని రూలుంది మేడమ్, ఇచ్చారు. గోడ సంగతి నా చేతిలో లేదు. భద్రత కోసమని వాళ్ళంటున్నారు, మీవాళ్ళు కూడా స్టేషన్‌లో సరేనన్నారు," అన్నాడు. టీ గ్లాసు తీసి ఎదురుగోడకి కొట్టి వచ్చేశాను.

కాపలా తమ్ముడు ఒక రోజు మా గుమ్మం దగ్గరికి వచ్చి, "అక్కా," అని తలుపు పట్టుకున్నాడు. అతని వేళ్ళ మీదే తలుపు వేశాను. అతను మూలిగాడు గానీ అరవలేదు. అందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు.

టెన్నిస్ కోర్టులో మిగిలిన కాయ కుళ్ళి బూజు పట్టింది. లారీలో ఎత్తించి ఎక్కడో పోయించారు. అన్న కౌలు కట్టలేకపోయాడు. ఆసామి చెడ్డవాడేం కాదు, కొన్నాళ్ళు ఆగి చూశాడు. తర్వాత పొలం వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. వదిననీ పిల్లల్నీ ఊళ్ళోనే ఉంచి అన్న నా దగ్గరికి వచ్చాడు. ఎవరో మేస్త్రీ కింద పని దొరికిందన్నాడు. పొద్దున్నే క్యారేజీ కట్టించుకుని వెళ్ళి, చీకటి పడేవేళకి సిమెంటు దుమ్ముతో వచ్చేవాడు. ఎక్కడ పని అని నేను అడగలేదు. తలపాగా చుట్టుకోవడం మానేశాడు. అది చూడలేక నేను అన్న మొహం వైపు సరిగ్గా చూసేదాన్ని కాదు.

ఒక రోజు బడి ఒంటిపూటే ఉంది. ఇంటికి వచ్చి బట్టలు ఆరేద్దామని బాల్కనీలోకి వెళ్ళాను. గొలుసు ఉన్న చోట గోడ లేస్తోంది. అప్పటికే నడుమెత్తు వచ్చింది. మేస్త్రీ తాపీతో సిమెంటు వేస్తున్నాడు. పక్కన ఒక కూలి నెత్తి మీద ఇటుకలు మోసుకొచ్చి అందిస్తున్నాడు. ఆ కూలి మా అన్న.

"అన్నయ్యా!" అని పిలిచాను. అతని ఎడమ చెవి నా వైపుంది. కదల్లేదు. గొంతు చించుకుని పిలిచాను. మేస్త్రీ తలెత్తి చూశాడు, అన్న చూడలేదు.

చెప్పుల్లేకుండానే మెట్లు దిగి పరుగెత్తాను. పచ్చి గోడ, ఇంకా బిగుసుకోలేదు. కాలెత్తి తన్నాను. పై వరస ఇటుకలు అటువైపు పడ్డాయి. మేస్త్రీ బూతులు తిడుతూ మీదికొచ్చాడు. మళ్ళీ తన్నాను. బొటనవేలి గోరు లేచిపోయి నెత్తురు వచ్చింది. అన్న అప్పుడు చూశాడు. నన్ను ఆపలేదు. అటువైపు వెళ్ళి పడిన ఇటుకలు ఏరుకొచ్చి, అంటుకున్న సిమెంటు గీకి మేస్త్రీకి అందించాడు. నేను మళ్ళీ తన్నాను. అన్న మళ్ళీ ఏరుకొచ్చాడు.

"నువ్వా అన్నయ్యా? ఈ గోడ నువ్వా కట్టేది?" అని అరిచాను.

కుడి చెవి నా వైపు తిప్పి ఓపిగ్గా విన్నాడు. ఇటుకలు కింద పెట్టి, నా కాలి నెత్తురు చూసి, భుజం మీది తువ్వాలు అందించాడు. అన్న గొంతులో కోపం లేదు, వెటకారం కూడా లేదు.

"తన్నమ్మాయ్, తన్ను. నువ్వెంత పడగొడితే నాకు అంత పని."